మంచులో రెండు గుంటలు

“సంచిలో ఉన్నదీ ఓ నెగటివ్ రక్తమే. శ్రావణి ఒంట్లో ఉన్నదీ ఓ నెగటివే. ఇక అప్పలసూరి గ్రూపు తప్పు చూశాడని సీఐ ఎలా అంటాడు బాబాయ్?” అని షీబా అడిగింది.

సీమోను కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. విజయనగరంలో ఆ బ్లడ్ బ్యాంకు తలుపులు తెరిచిన రోజు నుంచీ దాని మంచీ చెడూ ఆయనవే. షీబా నాన్న జేమ్స్, ఆయనా మిషన్ బడిలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. హుద్‌హుద్ తుపాను పడగొట్టిన ఫోన్ల టవర్లు ఇంకా లేవలేదు కాబట్టి, పొద్దున్నే మనిషిని పంపి షీబాను పిలిపించాడు. ఎస్సై ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న షీబా తప్ప ఆయనకు ఇంకెవరూ గుర్తుకు రాలేదు.

“సీఐకి అలాగే అనిపించిందమ్మా. రక్తం ఎక్కించగానే మనిషి వణికిపోయింది. మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. గ్రూపు తప్పితే అచ్చంగా ఇలాగే అవుతాది. సంచిని సరిచూసింది మన టెక్నీషియన్ అప్పలసూరి. అందుకని అతన్ని తీసుకెళ్లి లోపలేసినారు.”

తుపాను వెళ్లిన మూడో నాడు పట్టణంలోని ఒక నర్సింగ్ హోములో శ్రావణి ఆడపిల్లను కన్నది. కాన్పులో రక్తం విపరీతంగా పోయింది. ఈ బ్లడ్ బ్యాంకు నుంచి వెళ్లిన సంచి సగం ఎక్కేసరికి ఆమె ప్రాణం మీదికి వచ్చింది. ఇప్పుడు విశాఖపట్నంలో మూత్రపిండాల యంత్రం మీద ఉంది. బిడ్డ అమ్మమ్మ దగ్గర ఉంది.

“మరి మీరు మళ్లీ పరీక్ష చేశారా?”

“రెండుసార్లు. గ్రూపు సరిపోయింది. ఆ మాట సీఐకి సెప్తే, మా వాణ్ణి కాపాడుకోడానికి సెప్తన్నానన్నాడు.”

షీబా లేచి ఫ్రిజ్ దగ్గరికి నడిచింది. “శ్రావణి సంచి తాలూకు ట్యూబు ముక్క ఉంటుంది కదా. చూపించండి.”

రక్తం నింపిన ప్రతి సంచికీ తోకలాగా సన్నటి ట్యూబు వేలాడుతుంది. అందులోనూ అదే రక్తం ఉంటుంది, దాని మీదా సంచి నెంబరే ఉంటుంది. ఏ రోగి కోసం సంచిని సరిచూసినా ఆ తోకలోంచి ఒక ముక్క కత్తిరించి వారం రోజులు దాచి ఉంచుతారు, ఏదైనా తేడా వస్తే తిరిగి చూసుకోవడానికి. ఈ సంగతి షీబాకి పుస్తకాల వల్ల తెలిసింది కాదు. ఆమె చిన్నతనమంతా ఇలాంటి గదుల్లోనే గడిచింది. నెల్లిమర్ల జూట్ మిల్లు కూత వెయ్యగానే షిఫ్టు దిగిన కూలీలు గోనెనార అంటుకున్న చేతులు కడుక్కుని వరుసగా వచ్చి పడుకునేవారు. బ్లడ్ బ్యాంకులోనే పనిచేసిన జేమ్స్ ఒక్కొక్కరినీ పేరుతో పలకరించి సూది గుచ్చేవాడు. రక్తం ఇచ్చినవాళ్లకి బెల్లం వేసిన టీ ఇవ్వడం షీబా పని. సగం గ్లాసు ఒలికినా ఎవరూ తిట్టేవారు కాదు.

సీమోను చిన్న స్టాండు తీసి వెలుతురులో పెట్టాడు. అందులో వెతుకుతున్న షీబా చెయ్యి ఆగిపోయింది.

“బాబాయ్, ఇదే నెంబరుతో ఇంకో ముక్క ఉందేమిటి?”

ఆయన మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

షీబా రెండు ముక్కలనీ పక్కపక్కన పట్టుకుని కిటికీ వైపు తిరిగింది. రెండింట్లోనూ ఎర్రకణాలు అడుగుకి దిగాయి. మొదటి దాంట్లో పైన తేరుకున్న నీరు గడ్డి రంగులో, లేత పసుప్పచ్చగా ఉంది. రెండో దాంట్లో పైనీరు కూడా దానిమ్మ రసంలా ఎర్రగా ఉంది.

“ఇది మొదట కోసిన ముక్క. రక్తం బంగారంలా ఉంది. ఇది శ్రావణి కోసం కోసిన ముక్క. కణాలు పగిలిపోయి లోపలి ఎరుపంతా నీళ్లలో కలిసిపోయింది. అంటే ఈ సంచి ఒకసారి ఎవరికోసమో బయటికి వెళ్లింది, పాడైంది, తిరిగి ఇక్కడికే వచ్చింది. ఎక్కడి నుంచి?”

“ఇప్పుడది ఎందుకమ్మా?”

“అప్పలసూరి లాకప్‌లో ఉన్నాడు కాబట్టి.”

సీమోను కుర్చీలో కూలబడ్డాడు. “గిలాదు ఆస్పత్రి నుంచి,” అన్నాడు మెల్లిగా. “తుపానుకి ముందురోజు జాన్ డాక్టరు ఒక ఆపరేషన్ కోసం రెండు సంచులు పట్టుకెళ్లాడు. ఒకటి వాడేశాననీ, ఒకటి మిగిలిందనీ డ్రైవరు చేత వెనక్కి పంపాడు. సల్లగానే ఉంచాం, నా మాట నమ్మండి అని కబురెట్టాడు. బయట అరగంట దాటిన సంచిని మళ్లీ పుచ్చుకోకూడదు. తెలుసు నాకు. కానీ ఊరంతా నెగటివ్ రక్తం కోసం గోల పెడతన్నాది, రోడ్ల నిండా సెట్లు పడిపోయి ఉన్నాయి, పైగా సెప్పింది జాను. జాన్ మాట మీద మనం ఎప్పుడైనా అనుమానపడ్డామా షీబమ్మా?”

“మరి వెనక్కి వచ్చాక కణాలు అడుగుకి దిగేలా ముక్కని యంత్రంలో వేసి తిప్పి చూడలేదా?”

“కరెంటు ఏదీ? ఫ్రిజ్‌లు నడపడానికే జనరేటరు సాలలేదు. తిప్పకుండా సూస్తే అంతా ఎరుపే కదా. అప్పలసూరి అడిగినాడు కూడా, ఈ సంచి ఇవ్వొచ్చా సార్ అని. నేనే ఇయ్యమన్నాను. గ్రూపు గొడవ అని సీఐ అంటంటే, ఇది వేరే సంగతి అనుకున్నాను. అనుకోవాలనిపించింది.”

షీబాకి కోపం రావలసిన చోట జాలి వేసింది. జేమ్స్, సీమోను, జాన్. చర్చిలో ముందు బెంచీ మీద ముగ్గురూ ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడేవారు. వాళ్లలో ఒకరు చెప్పింది ఇంకొకరు తరచి అడగడం ఆమె ఎన్నడూ వినలేదు. ఆ ముచ్చటైన స్నేహమే ఇప్పుడు ఒక బాలింత నరాల్లోకి విషం ఎక్కించింది.

“రెండు ముక్కలూ తాళం వేసి ఉంచండి. నేను తప్ప ఎవరడిగినా ఇవ్వకండి,” అని ఆమె స్కూటరు తాళం తీసుకుంది.

*

చంపావతి నది అవతలి గట్టున ఉన్న గిలాదు ఆస్పత్రి ముందు పోలీసు జీపు ఆగి ఉంది. వరండాలో సీఐ ధర్మేంద్ర టీ తాగుతున్నాడు. పోలీసు ట్రైనింగులో షీబా బ్యాచే. పరుగులో ఆమె ముందు, పరీక్షల్లో అతను ముందు. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదని ఇద్దరి నమ్మకం.

“రండి డిటెక్టివ్ గారూ. దారి తప్పారా?”

“నేను సరైన దారిలోనే వచ్చాను. మీరెందుకు వచ్చారా అని చూస్తున్నాను.”

“గ్రూపు తప్పితే ఏమవుతుందో జాన్ డాక్టరు గారి చేత వాంగ్మూలం తీసుకోవడానికి. ఈ జిల్లాలో ఆయన మాటకి తిరుగుంటుందా?”

“గ్రూపు తప్పలేదు ధర్మేంద్రా. రక్తం చెడిపోయింది. చెడిపోయింది కూడా బ్లడ్ బ్యాంకులో కాదు.”

అతను గ్లాసు కింద పెట్టాడు. “సీమోను గారు మీ నాన్నకి స్నేహితుడు. అప్పలసూరి ఆయన కింద పనిచేసేవాడు. మీవాళ్లని తప్పించడానికి ఇంకో ఆస్పత్రి నెత్తిన రుద్దుదామని వచ్చావా?”

“ఈ ఆస్పత్రి కూడా మావాళ్లదే. నేను పుట్టింది ఇక్కడే. నాకు ఇష్టమై వచ్చాననుకుంటున్నావా?”

ధర్మేంద్ర దారి వదల్లేదు. “సెర్చ్ వారెంటు ఉందా నీ దగ్గర?”

“లేదు. నీ దగ్గర అధికారం ఉంది, నా దగ్గర కారణం ఉంది. పక్కన నిలబడి చూడు. నా మాట తప్పయితే అందరి ముందూ క్షమాపణ చెప్పి వెళ్తాను.”

అప్పుడే లోపలి నుంచి జాన్ డాక్టరు వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. షీబాను చూడగానే ఆయన ముఖం ఒక్కసారి వెలిగి, వెంటనే మాడిపోయింది. ఆ మార్పును షీబా చూసింది, చూడకుండా ఉంటే బాగుండేదనుకుంది.

“రా తల్లీ. జేమ్స్ కూతురు ఈ గుమ్మం ఎక్కి ఎన్నాళ్లయింది!”

“అంకుల్, మీ రక్తం ఫ్రిజ్ చూడాలి.”

ఆయన మారు మాట్లాడకుండా ల్యాబ్ గదికి తీసుకెళ్లాడు. ఫ్రిజ్ గుయ్‌మని నడుస్తోంది. షీబా తలుపు తెరిచి వాసన చూసింది. కొత్త రబ్బరు వాసన. వెనక్కి వంగి చూస్తే కంప్రెసరు మీద ఒక్క దుమ్ము రేణువు లేదు. గోడ మీద మాత్రం పాత కంప్రెసరు నూనె మరక అలాగే ఉంది.

“ఎప్పుడు బాగుచేయించారు?”

“నిన్న. తుపానుకి దెబ్బతింది.”

“మరి తుపాను రోజు సంచులు ఎక్కడ పెట్టారు?”

“చల్లటి చోటే పెట్టాం.”

“ఏ చోట?”

“ఆ గాలికి వార్డు రేకులు ఎగిరిపోతున్నాయమ్మా. రోగుల్ని మోసుకెళ్తున్నాను. సంచులు జాగ్రత్త అని ఆయా గురమ్మకి చెప్పాను. చల్లగా పెట్టానంది.”

“కరెంటు లేని రోజు చల్లగా ఉండే చోటు ఒక్కటే ఉంటుంది,” అంది షీబా ధర్మేంద్ర వైపు తిరిగి. “జనరేటరు మీద నడిచే ఆపరేషన్ థియేటరు.”

థియేటరు పక్క గదిలో ఇళ్లలో ఉండేలాంటి మామూలు ఫ్రిజ్ ఒకటుంది. మందులు పెట్టుకునేది. షీబా పైన ఉన్న చిన్న ఐసు పెట్టె మూత తీసింది. ఎన్నాళ్లుగానో కరిగించకపోవడంతో మంచు గడ్డకట్టి గోడలా పేరుకుపోయింది. ఆమె టార్చి వేసింది.

మంచులో రెండు గుంటలున్నాయి.

పక్కపక్కనే ఉన్న రెండు గుంటలు. అరచేతి వెడల్పున, అడుగున గుండ్రంగా, పై అంచున సంచి మెడలాగా సన్నబడి ఉన్నాయి. ఒకదాని పక్క నుంచి సన్నటి గాడి పాములా మెలికలు తిరిగింది, ట్యూబు తోక అచ్చు. రెండోదాని అడుగున లేబులు చిరిగిన పేలిక మంచుకి అంటుకుపోయి ఉంది.

తనకు తెలియకుండానే షీబా కళ్లు చెమర్చాయి. జేమ్స్ సైకిలు వెనక ఆకుపచ్చ రంగు వేసిన చెక్కపెట్టె కట్టుకుని ఈ ఆస్పత్రికే రక్తం తెచ్చేవాడు. అప్పట్లో గాజు సీసాలు. పెట్టె అడుగున ఐసు ముక్కలు, వాటి మీద ఊక, ఊక మీద నాలుగు మడతలు పెట్టిన పొందూరు ఖద్దరు తువ్వాలు, ఆ తువ్వాలు మీద సీసా. ముందు కడ్డీ మీద కూర్చున్న షీబా ఇంత మెత్తటి పక్క ఎందుకు నాన్నా అని అడిగితే, చల్లగాలి తగిలితే చాలు, మంచు తగలకూడదమ్మా, గడ్డకట్టిందంటే కణం చచ్చిపోతాది అనేవాడు. రక్తం ఇచ్చేసి ఊరుకునేవాడు కాదు. మర్నాడు మళ్లీ సైకిలెక్కి వచ్చి, ఎక్కించుకున్న మనిషి మంచం పక్కన నిలబడి, ఎలా ఉన్నావని అడిగి, ఆ కబురు తిరిగి బ్లడ్ బ్యాంకులో చెప్పేవాడు. ఆయన పోయాక ఆ మర్నాటి ప్రయాణం ఎవరూ చెయ్యలేదు.

ఆమె కళ్లు తుడుచుకుని ధర్మేంద్రకి టార్చి ఇచ్చింది. “నువ్వే చూడు. రక్తం ఇందులో మంచులా గడ్డకట్టింది. బయటికి తీశాక కరిగి మళ్లీ ఎర్రటి రక్తంలాగే కనిపించింది. అందులో బతికున్న కణాలు ఎన్నో ఆ దేవుడికే తెలియాలి. శ్రావణికి ఎక్కించింది ఇదే.”

ధర్మేంద్ర చాలాసేపు వంగి చూశాడు. నిటారుగా లేచేసరికి అతని గొంతులో వెటకారం పోయింది. “గుంటలు రెండున్నాయి షీబా.”

“అవును. అంకుల్, సీమోను బాబాయికి ఒక్క సంచే తిరిగి పంపారు. రెండోది వాడేశామన్నారు. ఎవరికి?”

జాన్ ఐసు పెట్టె మూత మూసేశాడు.

“ఆపరేషనే జరగలేదు కదా,” అంది షీబా. “ఆ గాలిలో ఎవరికి చేస్తారు? రెండో సంచి ఏది?”

“శృంగవరపుకోట నర్సింగ్ హోము వాళ్లు మనిషిని పంపారు. తుంటి ఎముక విరిగిన ముసలామె ఉంది, జగ్గమ్మ అని. నెగటివ్ రక్తం ఎక్కడా దొరకట్లేదు, మీ దగ్గరుందట, పుణ్యముంటుంది అని బతిమాలాడు. ఇచ్చేశాను. అడగకుండా ఇచ్చానని సీమోనుకి డ్రైవరు చేత చెప్పించలేక వాడేశానన్నాను. తర్వాత చెబుదామనుకున్నాను.”

“శ్రావణికి అలా అయిందని తెలిశాక?”

“గురమ్మని అడిగాను, ఎక్కడ పెట్టావని. చెప్పింది. అప్పటికే పోలీసులు అప్పలసూరిని పట్టుకెళ్లారు. ఈ ఆస్పత్రికి రక్తం దాచుకునే అనుమతి తీసేస్తే, ఇక్కడ కాన్పులకి వచ్చేవాళ్లు ఎక్కడికి పోతారు? మీ నాన్నా నేనూ కలిసి నిలబెట్టిన చోటు తల్లీ ఇది. రెండు రోజులు ఆగితే ఏదో ఒక దారి దొరుకుతుందనుకున్నాను.”

“జగ్గమ్మ ఆపరేషన్ ఎప్పుడు?”

“కరెంటు వచ్చాక అన్నారు.”

“కోటకి కరెంటు ఈ పొద్దునే వచ్చింది,” అన్నాడు ధర్మేంద్ర.

షీబా జేబులోంచి ఫోను తీసింది. సిగ్నల్ గీతల్లో ఒక్కటి కూడా లేదు. ల్యాండ్ లైను ఎత్తితే పీచుమన్న శబ్దం కూడా రాలేదు. స్కూటరు మీద కోట చేరేసరికి ముసలామె ఒంట్లోకి సంచి మొత్తం దిగిపోతుంది.

“వైర్‌లెస్,” అంది షీబా. “ధర్మేంద్రా, నీ జీపులో సెట్టు!”

అతను అప్పటికే పరిగెడుతున్నాడు. పరుగులో ఆమె ముందని అన్నాళ్లుగా ఒప్పుకున్న మనిషి, ఆ రోజు వరండా మెట్లు మూడేసి చొప్పున దూకాడు. షీబా జీపు చేరేసరికి అతను మైకులో అరుస్తున్నాడు.

“కోట స్టేషన్, కోట స్టేషన్! ఎవరున్నారక్కడ?”

గరగర శబ్దం. మళ్లీ గరగర. ఆఖరికి ఒక గొంతు పలికింది. “సార్, హెడ్డు కానిస్టేబుల్ పోతురాజును మాట్లాడతన్నాను.”

“పోతురాజూ, చేతిలో పని వదిలెయ్. నర్సింగ్ హోముకి పరిగెత్తు. జగ్గమ్మ అనే ముసలామెకి ఆపరేషన్. ఆమెకి పెట్టే రక్తం సంచి ఆపించు. డాక్టరు కాదన్నా సరే, లాగెయ్. నా ఆర్డరు అని చెప్పు.”

“లాగెయ్యమంటారేటి సార్, మనిషి సచ్చిపోతే?”

“లాగకపోతే చచ్చిపోతుంది. పరిగెత్తు!”

తర్వాత సెట్టులో గరగర తప్ప ఏమీ లేదు. జాన్ డాక్టరు మెట్ల మీద కూర్చుని రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడని షీబాకి తెలుసు. చిన్నప్పుడు తనకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇదే మనిషి తన మంచం పక్కన తెల్లవార్లూ ఇలాగే కూర్చున్నాడు. ఆయన దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. లాకప్‌లో ఉన్న అప్పలసూరి గుర్తుకొచ్చాడు. కదలకుండా జీపు పక్కనే నిలబడింది.

సెట్టు గరగరలాడింది.

“సార్! పోతురాజును. ఎల్లీసరికి సంచి కట్టేసినారు సార్. సూది గుచ్చేసినారు. ట్యూబు సెక్రం తిప్పబోతంటే నాను సెయ్యట్టుకున్నాను. డాక్టరమ్మ నా సెంప మీద ఒక్కటిచ్చినాది. ఇచ్చినా వదల్లేదు. ఒక్క సుక్క కూడా దిగలేదు సార్.”

ధర్మేంద్ర మైకు పట్టుకునే గట్టిగా నవ్వేశాడు. “ఆ సంచి ఎవరికీ ఇవ్వకు. నీ దగ్గరే ఉంచుకో.” తర్వాత షీబా వైపు తిరిగి, నవ్వు ఆపుకుని, “అప్పలసూరిని సాయంత్రానికి ఇంటికి పంపిస్తాను. నేనే దింపి వస్తాను,” అన్నాడు. ఆ మాట అనడం అతనికి ఎంత కష్టమో షీబాకి అర్థమైంది. తల ఊపింది.

వరండా చివర్లో ఆస్పత్రి ఆయా గురమ్మ నిలబడి ఇదంతా చూస్తోంది. షీబా పుట్టినప్పుడు మొదటి నీళ్లు పోసిన మనిషి. మెల్లిగా వచ్చి షీబా చెయ్యి పట్టుకుంది.

“ఏటైనాదమ్మా? నానేటి తప్పు సేసినాను? రగతం సల్లగా ఉంచమన్నాడు బాబు. మంచు కంటే సల్లనిది ఇంకేటి ఉన్నాది? మాంసం, సేపా అన్నీ మంచులోనే కదా పాడవకుండా ఉంటాయి.”

“నీ తప్పు కాదు గురమ్మా. నీకు చెప్పవలసినవాళ్లు చెప్పలేదు. తుపాను రోజున హడావుడి. ఎవరున్నా అలాగే చేసేవారు.”

“తుపాను రోజేటమ్మా?” ముసలామె అయోమయంగా చూసింది. “ఆ పెద్ద పిడ్జి ఎండాకాలం నుంచే ఆగిపోతన్నాది కదా. ఆగినప్పుడల్లా, మిగిలిన సంచులు నానే అట్టుకెళ్లి మంచులో దాసేదాన్ని. తెల్లారి మళ్లీ పెద్ద పిడ్జిలో ఎట్టేసేదాన్ని. బాబుకి వాడకం లేకపోతే డ్రైవరు వచ్చి టౌనుకి అట్టుకుపోయేవోడు.”

జాన్ డాక్టరు తల ఎత్తాడు. ఆయన ముఖంలో రక్తం లేదు. ఈ సంగతి ఆయన కూడా ఇప్పుడే వింటున్నాడు.

ఎండాకాలం నుంచి. ఆ సంచులన్నీ సీమోను పాత స్నేహం కొద్దీ పుచ్చుకుని ఉంటాడు, సాలూరు, పార్వతీపురం, రాజాం, ఎవరు అడిగితే వాళ్లకి ఇచ్చి ఉంటాడు. అక్కడ ఎవరికో జ్వరం వచ్చి ఉంటుంది, ఎవరో వణికి ఉంటారు, ఎవరో పోయి ఉంటారు. ప్రతి ఆస్పత్రీ అది తన రోగి కర్మ అనుకుని ఊరుకుంది. ఎవరూ తిరిగి వచ్చి చెప్పలేదు. ఎవరూ వెళ్లి అడగలేదు.

“గురమ్మా,” అంది షీబా. “అలా ఎన్ని సంచులు దాచావు?”

గురమ్మ ఎడమ చెయ్యి పైకెత్తి, పెదవులు కదుపుతూ, బొటనవేలితో కణుపు కణుపునా లెక్కపెట్టసాగింది. చిటికెన వేలి నుంచి చూపుడు వేలి దాకా వచ్చింది. ఒక్క క్షణం ఆగి ఆలోచించి, కుడి చెయ్యి కూడా ఎత్తింది.